పండుగ మధ్యాహ్నము



ఉగాదికి బంధువులందఱు ఒక యింట చేరుదురన్న వార్త స్థిరపడిన నాటినుండి ఆ యింటి పెద్దలు చేయు ఏర్పాటులను గమనించినచో, మన జాతికి ముందుచూపు లేదనువారి మాట ఎంత అసత్యమో తెలియును. బొబ్బట్లకు శనగపప్పు ఎంత నానవలెనో, పులిహోరకు ఏ బియ్యము పొడిపొడిగా నుండునో, పెద్దల్లునికి ఏ గది యిచ్చినచో చిన్నల్లునికి మనస్తాపము కలుగకుండునో, ఇవన్నియు పండుగకు ఎన్నో దినములు ముందుగనే నిర్ణయమగును. కాని, ఆ యింట చేరబోవు పదిమంది పిల్లలు పచ్చడి తిని, క్రొత్తబట్టలు కట్టి, భోజనము ముగించిన పిదప, పగలు రెండు గంటలనుండి దీపాలవేళ వఱకు ఏమి చేయుదురన్న ప్రశ్న మాత్రము ఎవ్వరికిని తోచదు. “పిల్లలే గదా, వాళ్ళే ఆడుకుంటారు” అని ఒక్కమాటతో ఆ భారమును పిల్లలమీదనే పెట్టి పెద్దలు నిశ్చింతులగుదురు. నేటి నా ప్రసంగము ఆ మూడు నాలుగు గంటలను గూర్చి.

ఒకప్పుడు ఆ మాట నిజమే. ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో చదివి, ప్రతి సాయంకాలము ఒకే రావిచెట్టు క్రింద చేరు పిల్లలకు ఆటల చట్టములు ఎవ్వరును నేర్పనక్కఱలేకుండెను. పెద్దపిల్లలు ఆడుచుండగా చూచి చిన్నపిల్లలు నేర్చుకొనిరి, తాము పెద్దవారై మఱికొందఱు చిన్నవారికి చూపిరి. నేడు పండుగకు చేరువారు అట్టివారు కారు. విశాఖపట్టణమునుండి మేనత్త పిల్లలు, హైదరాబాదునుండి పెదనాన్న పిల్లలు, కర్నూలునుండి పిన్ని పిల్లలు, సెలవు దొరికినచో అమెరికానుండి బాబాయి కూతురు. వీరందఱు ఏడాదికొకమాఱు ముఖములు చూచుకొనువారు. కోస్తాలో బిళ్ళంగోడు అను ఆటనే తెలంగాణమున చిర్రగోనె అందురు. పేరు ఒకటైన చోట చట్టము వేఱుగా నుండును. పంటలు వేసికొని దొంగ యెవరో తేల్చుకొనువఱకు అంతయు సవ్యముగానే సాగును. ఆట మొదలైన క్షణమున “మా ఊళ్ళో అట్లా కాదు” అని ఒకడు, “ఇది తొండి, నేనాడను పో” అని మఱియొకతె, “తూచ్, మళ్ళీ మొదటినుంచి” అని మూడవవాడు. అఱగంట గడచునప్పటికి పెద్దపిల్లలు గోడకానుకొని ఎవరి సెల్‌ఫోను వారు చూచుకొనుచుందురు. చిన్నపిల్లలు తల్లుల కొంగులు పట్టుకొని వంటయింటిలో తిరుగుచుందురు. సెల్‌ఫోనును నిందించుటకు నేనిచటికి రాలేదు. ఆ పరికరము పిల్లవాని చేతికెక్కుటకు ముందే ఆట చెడిపోయినది. ఆటను నిలబెట్టువారు లేక చెడిపోయినది.

కావున మొదటి ఏర్పాటు ముందునాటి రాత్రియే జరుగవలెను. ఫాల్గుణ అమావాస్యనాటికే చుట్టములు చాలవఱకు వచ్చి చేరుదురు. భోజనములైన పిదప పిల్లలందఱిని ఒక చాపమీద కూర్చుండబెట్టి, ఎవరికి ఏ ఆట తెలియునో, దానిని తమ యూరిలో ఎట్లాడుదురో వారిచేతనే చెప్పించి, పండుగకు సరిపడు నాలుగైదాటలను ఏఱి, వాని చట్టములను ఒక కాగితముమీద వ్రాయించి గోడకు అంటింపవలెను. వ్రాయు పనికి అందఱికంటె ఎక్కువ తగవులాడు పిల్లవానిని నియమించినచో సగము తగవు అక్కడనే తీరును. తాను వ్రాసిన చట్టమును తానే ధిక్కరించుట పెద్దలకు సులభముగాని పిల్లలకు కష్టము.

ఇక ఆటలను ఏఱుటలో అసలు చిక్కు వయస్సు. ఆ పదిమందిలో నాలుగేండ్లవాడును ఉండును, పదునాలుగేండ్లవాడును ఉండును. బలముతోను వేగముతోను గెలుచు ఆటలే పెట్టినచో ఎల్లప్పుడును ఒక్కడే గెలుచును. తక్కినవారు వాని విజయమునకు సామగ్రి యగుదురు. ఆదిపర్వమున భీముడు చేసినది ఇదియే. కౌరవబాలురు పండ్లకై చెట్టెక్కగా ఆ చెట్టును కదిలించి పండ్లతోపాటు వారిని నేల రాల్చెను. జలక్రీడవేళ పదిమందిని ఒక్కమాఱు చేతులతో పట్టి నీట ముంచి యుంచెను. అది బాల్యముచేత చేసినదే గాని ద్రోహబుద్ధితో చేసినది కాదని వ్యాసులవారు స్పష్టముగా చెప్పిరి. చెప్పిననేమి? చెట్టుమీదినుండి పడినవానికి ఆ భేదము తెలియదు. దుర్యోధనుని పగకు హేతువులు వేఱుగా ఎన్నియో ఉన్నను, ఆ పిల్లలు ఆడుకొనునప్పుడు భీష్ముడో విదురుడో ఒక్కపూట చెట్టునీడను కూర్చుండియున్న బాగుండునని నాకనిపించుచుండును.

భాగవతమున దీనికి ప్రతిచిత్రమున్నది. దశమస్కంధములో గోపబాలురు రెండు పక్షములై ఆడుదురు. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయవలెనన్నది పందెము. కృష్ణుని పక్షము ఓడినది. కృష్ణుడు శ్రీదాముని మోసెను. గెలిచిన పక్షమువాడైన బలరాముని మోయుటకు గోపబాలుని వేషమున ప్రలంబాసురుడు ముందుకు వచ్చుట, ఆపై జరిగిన కథ మీకు తెలిసినదే. రాక్షసుని మాట అటుంచి, ఆ పందెమును మాత్రము చూడుడు. బహుమానము లేదు, పరాభవమును లేదు. ఓడినవాడు వీపు వంచును, గెలిచినవాడు ఎక్కును, మఱునాడు వంతులు మాఱును. మోయువాడును మోయించుకొనువాడును ఒకే ఆటలో నుందురు.

వయోభేదమునకు మన పిల్లలు ఏనాడో ఒక పరిష్కారము కనిపెట్టిరి. మరీ చిన్నవానిని ఆటలో అరటిపండుగా చేర్చుకొందురు. వాడు పట్టుబడినను దొంగ కాడు, తప్పు చేసినను వంతు పోదు. అందఱితో కలసి పరుగెత్తును, కేకలు వేయును. మూడేండ్ల బిడ్డకు ఇంతకన్న దయగల ఏర్పాటు లేదు. ఐదేండ్లు వచ్చినవానికి ఆ దయయే అవమానమగును. మా బంధువుల యింట ఒక పండుగనాడు దాగుడుమూతలు ఆడుచుండగా, అట్టి పిల్లవాడొకడు పెరటి తలుపు వెనుక ఊపిరి బిగబట్టి దాగియుండుట చూచితిని. దొంగ వాని ప్రక్కగానే వచ్చెను, వానిని చూచెను, చూచియు ముందుకు సాగెను. పిల్లవాడు మెల్లగా బయటికి వచ్చి “నన్ను చూశావుగా, పట్టుకోవేం?” అని అడిగెను. “నువ్వు అరటిపండువి” అనుచు దొంగ పరుగెత్తిపోయెను. ఆ బాలుడు ఆపైన దాగుకొనలేదు. అరుగుమీద కూర్చుండి, చెప్పు పట్టీ విప్పుచు పెట్టుచు, ఆట ముగియువఱకు కాలము గడపెను. పండుగ ఆటలు సఫలమైనవా లేదా యని తెలిసికొనుటకు నాకు తెలిసిన కొలత ఒక్కటే: అందఱికన్న చిన్నవాడు నిజముగా ఆడెనా?

దీనికి పెద్ద తెలివితేటలక్కఱలేదు. దాగుడుమూతలలో తల్లిగా నాయనమ్మ కూర్చున్నచో, దొంగ కన్నులు మూయు చేతులు ఆ చిన్నవానివి కావచ్చును. ఏడుపెంకులాటలో బంతి విసరు గీతను వానికొఱకు రెండడుగులు దగ్గఱగా గీయవచ్చును. కాని గీత దాటినచో తప్పు తప్పే. సౌకర్యము చేయవచ్చును గాని లెక్కలోనుండి తీసివేయరాదు.

ఉగాదినాటి ఆటసామగ్రికై అంగడికి పోనక్కఱలేదు. పచ్చడి సామగ్రిలోనే సగమున్నది. తెల్లవారుజామున వేపచెట్టు క్రింద పాత దుప్పటి పఱచి కొమ్మను మెల్లగా విదిలించినచో పువ్వు జలజల రాలును. ఆ పువ్వును కాడలనుండి వేఱుచేసి పుల్లలు ఏఱుట నాలుగేండ్ల వ్రేళ్ళకు తగిన పని. వంటయింట క్రొత్త చింతపండును నానవేయుటకు ముందు గింజ తీయుదురు. ఆ గింజలను పాఱవేయక కడిగి ఆరబెట్టినచో వామనగుంటలకు చాలును. గింజను ఒక ప్రక్క గరుకు బండమీద అఱగదీసినచో ముదురువన్నె పెంకు పోయి లోని తెల్లదనము బయటపడును. అట్టివి నాలుగున్నచో గవ్వలు లేని లోటు తీరును. ఈ అఱగదీయుటయే పిల్లలకొక ఆట. ఎవరి గింజ ముందుగా తెల్లబడునో యని పోటీపడి వ్రేళ్ళకొనలు ఎఱ్ఱబఱచుకొందురు. రాపిడికి వేడెక్కిన గింజను ప్రక్కవాని మోచేతికి తాకించి వాడు ఉలిక్కిపడగా నవ్వుట కూడ అనాదిగా వచ్చుచున్న సంప్రదాయమే. ఒకటి రెండుసార్లు చూచి చూడనట్లు ఊరకుండుడు.

మధ్యాహ్నము చైత్రపుటెండ. వీధిలో పరుగులాటలకు వేళ కాదు. కూర్చుండి ఆడువానికి ఇదియే వేళ. వీనిలో అష్టాచమ్మాకు సాటివచ్చునది లేదని నా దృఢాభిప్రాయము. సుద్దముక్కతో నిలువున ఐదు, అడ్డముగా ఐదు, మొత్తము 25 గళ్ళు గీసి, నాలుగు ప్రక్కల నడిమి గళ్ళను, మధ్యగడిని అడ్డగీతలతో గుర్తించినచో చాలును. తలకు నాలుగు కాయలు, అందఱికి కలిపి నాలుగు గవ్వలు. నాలుగును వెల్లకిల పడినచో చమ్మా, నాలుగు. నాలుగును బోర్లపడినచో అష్టా, ఎనిమిది. ఆ రెంటికిని మఱల వేయు హక్కు కలదు. ఎదుటివాని కాయను ఒక్కదానినైన చంపనిదే లోపలి గళ్ళలోనికి ప్రవేశము లేదు. ఇట్టి ఆటలో ఎనభైయేండ్ల ముత్తవ్వకును, ఆఱేండ్ల మనుమరాలికిని గవ్వలు సమానముగనే పడును. బలమునకు చోటు లేదు, అదృష్టము ఎక్కువ, యుక్తి కొంచెము. నడిమి గడికి చేరిన కాయ పండినదందురు. తన మొదటికాయ పండిన పిల్లయొక్క ముఖమును చూచుటకైనను పెద్దలు ఒక ఆట కూర్చుండవలెను.

వామనగుంటల తీరు వేఱు. ఇందు అదృష్టమునకు తావు లేదు, లెక్కయే సర్వము. రెండు వరుసలుగా 14 గుంటలు. ఒక గుంటలోని గింజలనెత్తి ఒక్కొక్కటిగా పంచుకొనుచు పోయి, చేయి ఖాళీయైన చోట తరువాతి గుంటను ఎత్తి మఱల పంచవలెను. ఆ తరువాతి గుంట వట్టిదైనచో దానిని చేతితో తుడిచి, దాని ముందఱి గుంటలోని గింజలను గెలుచుకొనవలెను. ఇంటనున్న వృద్ధురాలిని పిల్లలయెదుట కూర్చుండబెట్టుడు. ఆమె గింజలను లెక్కపెట్టదు. గుంటలోనికి ఒక్క చూపు చూచి, పెదవి కదపకుండ, ఎక్కడ ఎత్తిన ఎక్కడ ముగియునో తెలిసికొని, వంగిన వ్రేళ్ళతో చకచక పంచివేయును. లెక్కలలో నూటికి నూఱు తెచ్చుకొను మనుమడు మూడుసార్లు వరుసగా ఓడి, నాలుగవమాఱు ఆమె చేతినే కన్నార్పక చూచును. అమ్మమ్మ కథలు చెప్పునదిగా తప్ప తెలియని పిల్లలకు, ఆమె తమను ఓడింపగలదని తెలియుట ఒక గొప్ప విద్య.

పది దాటిన పిల్లలకు పులిజూదము పెట్టుడు. పులులు 3, మేకలు 15. పులి మేకమీదుగా దూకి చంపును. మేకలు పులికి కదలుటకు చోటు లేకుండ కట్టివేయవలెను. తాతగారికి పులులనిచ్చి, నలుగురు పిల్లలను కలిపి మేకల పక్షమున కూర్చుండబెట్టినచో, ఏ మేకను ఎక్కడ పెట్టవలెనో వారిలో వారికి గుసగుసలు, మంతనములు మొదలై, ఉదయమంతయు పలుకరించుకొనని హైదరాబాదు పిల్లవాడును, కర్నూలు పిల్లవాడును ఒకరి చెవిలో ఒకరు మాటలాడుకొందురు. వైకుంఠపాళి, అచ్చనగండ్లు మీకు తెలిసినవే. వానిని గూర్చి విస్తరింపను.

నాలుగు గంటలకు కాళ్ళు కదలింపనిదే పిల్లలకు తోచదు. మండువా లోగిలి ఉన్నచో నాలుగుస్తంభాలాటకు మించినది లేదు. నలుగురు నాలుగు స్తంభములను పట్టుకొందురు, ఐదవవాడు నడుమ నిలుచును; స్తంభములు మార్చుకొను సందున వాడు ఒకదానిని ఆక్రమింపవలెను. లోగిళ్ళు పోయినవని విచారింపనక్కఱలేదు. నేటి అపార్టుమెంట్ల క్రింద కార్లు నిలుపు చోట స్తంభములకు కొదువ లేదు. రెండు కార్లను వీధిలోనికి తీసినచో ఎండ తగలని చక్కని ఆటస్థలము ఏర్పడును. ఆ కార్లను తీయించుట పెద్దల పని. వాహనము కదలుచుండగా పిల్లలను దింపరాదు.

సాయంకాలము పంచాంగశ్రవణము. గుడిలో సిద్ధాంతిగారు ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు చదువుచుండగా పిల్లలు అసహనముతో కదలుచుందురు. ఇంటికి వచ్చిన పిదప వారిలో ఒకనికి ఉత్తరీయము కప్పి, నుదుట విభూతి పెట్టి, సిద్ధాంతిని చేయుడు. మేషరాశివారికి ఆదాయము 8 బొబ్బట్లు, వ్యయము 11. వృషభరాశివారికి రాజపూజ్యము తాతగారివద్ద, అవమానము లెక్కల పంతులుగారివద్ద. ఈ తీరున వారు కల్పించు ఫలితములను వినుటకు ఇరుగుపొరుగువారు కూడ వత్తురు. పెద్దలు మాటలు అందింపవలదు. రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును ఈ మర్మము నెఱిగినవారు. పిల్లలచేతనే పాడించి, పిల్లలచేతనే మాటలాడించి, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి అందును పిల్లలకే పెద్దపీట వేసిరి. పిల్లవాడు తడబడినచోట తడబడనిచ్చుటకు పెద్దలకు కొంత ధైర్యము కావలెను.

సంవత్సరముల పేర్లతో కూడ ఒక ఆట కట్టవచ్చును. ప్రభవ మొదలు అక్షయ వఱకు పేర్లు 60. 1927లో వచ్చిన ప్రభవ 1987లో మఱల వచ్చినది. ఇంటిలోనివారు తాము పుట్టిన సంవత్సరమును అంకెలలో మాత్రము చెప్పవలెను. దాని పేరేమో పిల్లలు పంచాంగము చూచి తేల్చవలెను. ఒకే పేరుగల ఇద్దరు, అనగా సరిగా అఱువదియేండ్ల యెడము గలవారు, ఆ యింట ఉన్నారేమో వెదకుటలో పిల్లలు ప్రతి ముసలివారి వయస్సును ఆరాతీయుదురు. కొందఱు పెద్దలకు ఇది రుచింపకపోవచ్చును.

చీకటి పడుటకు ముందు పరుగులాటలు ఆపివేయవలెను. ఉగాది చైత్రశుద్ధ పాడ్యమి, అమావాస్య మఱునాడు. వెన్నెల యను మాట లేదు. పెరటిలో కట్టెలమోపుల చాటున, రాళ్ళకుప్పల సందున దాగుడుమూతలాడిన చేతికి తేలు తగులవచ్చును. వెన్నెలకుప్పలు ఆడవలెనన్న కోరిక ఉన్నచో బంధువులు శ్రీరామనవమివఱకు నిలువవలెను. నవమినాటి సంధ్యవేళకే చంద్రుడు నడినెత్తికి చేరువలో నుండును, వీధి తెల్లగా నుండును, పానకము, వడపప్పు ఎట్లును ఉండును. అంతకాలము నిలిచిన బంధువులను భరించుట వేఱొక ప్రసంగమునకు విషయము.

బహుమానములను గూర్చి ఒక్కమాట. గెలిచినవానికి ఇంత యని డబ్బు చూపు మామయ్యలు ప్రతి కుటుంబమునను ఉందురు. వారి ఉద్దేశము మంచిదే. కాని నోటు కనబడిన క్షణమునుండి తొండి రెట్టింపగును, చిన్నవాడు మఱల అరటిపండగును, గోడకంటించిన కాగితమును ఎవ్వరును చూడరు. అట్టి మామయ్య చేతిలోని డబ్బుతో అందఱికి చెఱకురసమో, ఐసుక్రీమో తెప్పించి, ఆయనను దాగుడుమూతలలో దొంగగా పెట్టుట మేలు. బొజ్జతో పరుగెత్తలేక ఆయన అగచాట్లు పడుచుండగా పిల్లలకు కలుగు ఆనందమునకు ఏ నోటును సరిరాదు.

ఇంత చెప్పినను, ఇవన్నియు నిలుచుటకు ఒక చోటు కావలెను. భోజనమైన పిదప ఇంటిలో చల్లగా నుండునది పంకాక్రింది నడిమిగది ఒక్కటే. అక్కడ మగవారు పేకాటకు చాప పఱతురు, “గోల చేయకండి, బయట ఆడుకోండి” అని పిల్లలను ఎండలోనికి పంపుదురు. ఏ యింట చూచినను పండుగ ఆటలు చెడిపోవుట ఇక్కడనే మొదలగును. కావున ఇంటి యజమానులైన శ్రోతలకు నా మనవి: ఈ ఉగాదినాడు 2 గంటలనుండి 4 గంటలవఱకు ఆ గదిని పిల్లలకు విడువుడు. పేకాట విదియనాడు పెట్టుకొనవచ్చును.